రాజుగారి గదిలో నెత్తుటి అడుగులు

1954 మే 12. ఉదయం 9.20. పోర్చుగల్‌లోని ఎస్తోరిల్.

మాజీ రాజు వోయిస్లావ్ తన విల్లాలో, మేడమీది గదిలో వెల్లకిలా పడి ఉన్నాడు. గొంతులో బాకు పిడిదాకా దిగింది. నెత్తురు గోడ మీదికి కూడా చిమ్మింది.

పదకొండుకు ఆయన కూతురు ద్రగానా పెళ్ళి.

రాజ్యాలు పోగొట్టుకున్న రాజవంశపు చుట్టాలంతా కింద హాల్లో పతకాలు తగిలించుకుని కూర్చున్నారు. కుర్చీల వరస గురించి అప్పుడే రెండు తగాదాలయ్యాయి. ఇన్‌స్పెక్టర్ అనీబల్ సెరడాస్‌కు వీళ్ళను చూస్తే ఒళ్ళు మంట.

"పెళ్ళికొడుకే సార్," అన్నాడు సార్జెంట్ గుయాస్. "చొక్కా నిండా రక్తం. కిటికీ దగ్గర పట్టుకున్నా. తలుపు నుంచి శవం దాకా ఈ నెత్తుటి అడుగులు చూడండి, బూటు మొనలన్నీ శవం వైపే. తలుపులోంచి వచ్చాడు, పొడిచాడు, కిటికీలోంచి దూకబోయాడు."

పెళ్ళికొడుకు ఎబర్‌హార్డ్ చేతులకు బేడీలు. సార్జెంట్ కొట్టిన దెబ్బకు పెదవి చిట్లింది.

"ఎప్పుడొచ్చావు?" అన్నాడు సెరడాస్.

"తొమ్మిదీ ఐదుకి. కేక విని తోటలోంచి కిటికీకి ఎక్కి వచ్చాను. మామగారి గొంతు గట్టిగా అదిమిపట్టాను. నెత్తురు ఆగలేదు."

"నిన్న ఆయనతో గొడవెందుకు?"

"చర్చిలోకి మా అమ్మ ముందు నడవాలా, ద్రగానా మేనత్త ముందు నడవాలా అని."

ద్రగానా తెల్లటి పెళ్ళిబట్టల్లోనే వచ్చి నిలబడింది. "నాన్న పోయారు. ఈయన్ని కూడా జైల్లో పెట్టి నన్నేం చేద్దామని?" అంది. సెరడాస్‌కు జాలేసింది.

మోకాళ్ళ మీద కూర్చుని అడుగులు చూశాడు. శవం పక్కన రక్తం చిక్కగా ఉంది. తలుపు దగ్గరికి వచ్చేసరికి మరక పల్చబడింది. మూడు అడుగులకొకసారి రెండు పాదాలూ జంటగా ఆనాయి.

రాజుకు నలభై ఏళ్ళు కొలువు చేసిన కౌంట్ రాదోవాన్‌ను పిలిపించాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. నడుముకు కొలువు కత్తి.

"కేక విన్నారా?"

"లేదు. ప్రార్థనలో ఉన్నాను."

"సరే, వెళ్ళండి."

రాదోవాన్ ద్రగానాకు వంగి దండం పెట్టాడు. కొలువు మర్యాద ప్రకారం ఆమెకు వీపు చూపకుండా మూడడుగులు వెనక్కి వేశాడు. పాదాలు జోడించి మళ్ళీ వంగాడు.

"ఆగండి," అన్నాడు సెరడాస్. "గుయాస్, పొడవకముందే బూట్లకు రక్తమెలా అంటుతుందయ్యా? ఈ అడుగులు లోపలికి వచ్చినవి కావు, బయటికి పోయినవి. కౌంట్‌గారూ, బూట్లు మార్చారు గాని, చంపిన రాజుకి కూడా వీపు చూపలేకపోయారు."

రాదోవాన్ కత్తి దూశాడు. "అంతా ఈ పెళ్ళి వల్లే!" అంటూ ఎబర్‌హార్డ్ మీదికి ఉరికాడు. ఎబర్‌హార్డ్ బేడీల చేతులు అడ్డం పెట్టాడు. రెండు వేళ్ళు తెగి నేలమీద పడ్డాయి. గుయాస్ లాఠీ దెబ్బకు ముసలాయన మణికట్టు ఫెళ్ళున విరిగింది.

సోదా చేస్తే రాదోవాన్ కోటు లోపల మడిచిన కాగితం దొరికింది.

"సింహాసనం మీద మా వంశం హక్కు వదులుకుంటున్నానని నాన్న రాసిన పత్రం," అంది ద్రగానా. "నా పిల్లలైనా మామూలు మనుషుల్లా బతకాలని. ఇవాళ సంతకం పెడతానన్నారు."

"ఆ కిరీటం కోసం నా ముగ్గురు కొడుకులు చచ్చారమ్మా," అన్నాడు రాదోవాన్. "వాళ్ళ చావు ఉత్తదే అని చేవ్రాలు చేస్తుంటే ఎలా ఊరుకోను? ఇప్పుడు మీరే మా రాణి."

ద్రగానా తన పెళ్ళిముసుగు చింపి ఎబర్‌హార్డ్ చేతికి బిగించి కట్టింది. తరవాత కాగితం బల్ల మీద పరిచి, తండ్రి కలం తీసుకుని, ఆయన సంతకం పెట్టాల్సిన చోట తన పేరు పూర్తిగా రాసింది.

రాదోవాన్ అది చూసి, విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కొడుకుల్ని ఒక్కొక్కరినే పేరుపెట్టి పిలుస్తూ ఏడ్చాడు.