చెట్టుకు బూట్లు

"నా చెట్టుకి కాళ్ళెవరు పెట్టారండీ?"

నర్సరీ క్లాసు గుమ్మంలో పెయింటర్ పెట్టిన కేకకు పిల్లలంతా గతుక్కుమన్నారు. నిన్న పొద్దుపోయేదాకా నడుము విరగ్గొట్టుకుని గోడ మీద వేసిన చెట్టది. దాని మొదలు దగ్గర ఇప్పుడు రెండు బొగ్గు కాళ్ళు, వంకరటింకరగా, ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా!

"అరవకండి, పిల్లలు హడలిపోతారు," అంది టీచర్. చెంప మీద పసుపు రంగు మరక, కొప్పులో పెన్సిలు. గోడలకు బొమ్మలు వెయ్యడం మొదలెట్టిన రోజు నుంచీ వాళ్ళిద్దరికీ ఇదే వరస. కోపంలో కూడా ఈవిడ ఇంత బాగుండడం అన్యాయమనిపించి పెయింటర్‌కు మరింత ఒళ్ళు మండింది.

"గోడ పాడుచేసి, పైగా నాకే క్లాసా?"

టీచర్ బల్ల కిందికి చూపించింది. అక్కడ మోకాళ్ళు ముడుచుకుని ఒక పాప. ముద్దుపేరు పిట్ట.

"చేరిన దగ్గర్నుంచీ నోరు విప్పలేదు. కాగితం ఇస్తే తోసేసేది. దీనికి గోడైతే నచ్చుతుందేమోనని ఇవాళ బొగ్గిచ్చాను. మొదటిసారి గీసిందండీ! మీ కేకకి మళ్ళీ బల్ల కిందికి దూరింది."

పెయింటర్ నాలిక కరుచుకున్నాడు.

అంతలో హెడ్మిస్ట్రెస్ వచ్చింది. పెయింటర్‌కు స్వయానా మేనత్త.

"ఇదేం చెట్టురా? సాయంత్రం పేరెంట్స్ వస్తున్నారు. ఆ కాళ్ళు చెరిపెయ్యి."

"చెరిపితే పాప ఇంక బొగ్గు ముట్టుకోదు మేడమ్," అంది టీచర్.

"ఒక్కదాని కోసం గోడంతా వదులుకుంటామా అమ్మాయ్?" అనేసి ఆవిడ వెళ్ళిపోయింది.

పెయింటర్ రంగు డబ్బా మూత తీశాడు. టీచర్ మొహం తిప్పుకుంది. బ్రష్షు ముంచబోయినవాడు ఆగి, బల్ల ముందు చతికిలబడ్డాడు.

"చెట్టుకి కాళ్ళెందుకు తల్లీ?"

బల్ల కింద నుంచి సన్నటి గొంతు వినిపించింది.

"ఒక్కచోటే నిలబడితే బోర్ కొట్టదూ?"

టీచర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కన్నీళ్ళు మాత్రం ఆగలేదు.

"కొడుతుంది. మరి ఉత్త కాళ్ళతో నడిస్తే ముళ్ళు గుచ్చుకోవూ?"

పిట్ట తల బయటపెట్టి ఆలోచించింది. "బూట్లెయ్యి. ఒకటి ఎరుపు, ఒకటి నీలం."

సాయంత్రం వాన. తడుస్తూ వచ్చిన తల్లిదండ్రులంతా చెట్టు ముందే గుమిగూడారు. ఎర్ర బూటు, నీలం బూటు పెయింటర్ వేశాడు, లేసులు పిట్ట గీసింది. "ఇది నడుచుకుంటూ మా ఇంటికొస్తుంది," అని వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. వాళ్ళమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

హెడ్మిస్ట్రెస్ అత్త గోడను ఎగాదిగా చూసింది. "లేసులు వదులుగా ఉన్నాయి," అంది. టీచర్ వైపు తిరిగి, "ఆ పక్క గోడ ఖాళీయేగా అమ్మాయ్, మిగతా పిల్లలకీ ఇచ్చెయ్యి. ఎవరికి నచ్చింది వాళ్ళని వేసుకోనీ," అంది.

జనం పల్చబడ్డాక పెయింటర్ డబ్బాలు సర్దుకున్నాడు.

"రేపెక్కడికి?" అడిగింది టీచర్.

"పని ఎక్కడుంటే అక్కడికి. నా కాలు ఎప్పుడూ ఒకచోట నిలవలేదండీ. ఇప్పుడేమో నా చెట్టు నడుస్తానంటోంది, నాకు నిలబడిపోవాలనుంది."

"ఎక్కడో?"

"మీ పక్కన."

టీచర్ చెంప మీది పసుపు మరక చుట్టూ ఎరుపు పాకింది.

ఈలోగా పిట్ట తడిగుడ్డ తెచ్చి అతని పాదాల దగ్గర కూర్చుంది.

"నిలబడిపోతే అంకుల్‌కి కాళ్ళెందుకు? చెరిపేస్తా!"

"ఉండనీ పిట్టా," అంది టీచర్, పెయింటర్ వైపు చూడకుండా. "రేపు మా ఇంటికొచ్చి మా నాన్నతో మాట్లాడాలి. కాళ్ళు కావాలి."