చించని కార్డులు

కాగితం చించకండయ్యా అని ఊరూరా తిరిగి చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది. పండితులు పోయాక వాళ్ల ఇళ్లలో మిగిలిన ఉత్తరాలు, చేతిరాతలు సేకరించి భద్రపరచడం మా పరిశోధక మండలి పని. మండలి అనగానే గొప్పగా ఊహించుకోవద్దు. నేనూ, కొన్ని బీరువాలూ, ఏడాదికి నాలుగుసార్లు వచ్చే ఒక పలచని పత్రికా, అంతే. కర్నూలు రాజధాని అయిన ఏడాది ఊళ్లో అద్దెలు ఆకాశానికెక్కాయి. ఇంటాయన మా గదిని ఎవరో గుమాస్తాలకిచ్చుకుని, బీరువాలను వరండాలోకి నెట్టాడు. వానొస్తే వాటికి గొడుగు పట్టుకుని నిలబడింది నేను.

వెళ్లిన చోటల్లా ఇదే గోడు. ప్రొద్దుటూరు దగ్గర ఒక పండితుడి మనవలు తాతగారి ఉత్తరాల మీద వడియాలు ఎండబెట్టారు. పత్తికొండలో ఒక ఇల్లాలు మామగారి ఉత్తరాలన్నీ నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి, ఆ గుజ్జుతో చక్కటి గంప చేసింది. ఆ గంపలోనే నాకు వేయించిన శనక్కాయలు పెట్టి తినమంది. తిన్నాను. అంతకన్నా ఏం చేస్తాను? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే నా బతుకైపోయింది.

అందుకే కోసిగి అవతల నేతగాళ్ల పల్లె నుంచి హులిగెమ్మ కబురు పంపినప్పుడు నేను నమ్మలేదు. ఆమె భర్త మద్దయ్య ఆ ఉగాదికి ముందే పోయాడు. మగ్గం మీద కూర్చునే సంస్కృతం నేర్చుకున్న మనిషి. ఆ రోజుల్లో మా వైపు పండితులు ఏ సందేహం వచ్చినా మద్దయ్యకే రాసేవాళ్లు. ఆ ఉత్తరాలన్నీ ఉన్నాయి, వచ్చి తీసుకుపొమ్మని ఆమె కబురు.

నాకు వాటిలో ఒక్క సంగతి మరీ అవసరం. కడప వైపు రామేశ్వరమ్మ అని ఒక కవయిత్రి ఉండేది. ఆమె పద్యాలు ఊళ్లు పట్టుకు తిరిగి ఏరి, పుస్తకం సిద్ధం చేశాను. ఆమె ఎప్పుడు పోయిందో మాత్రం తెలియలేదు. ఇంటివాళ్లు ఎవరూ మిగల్లేదు, సొంత ఊరివాళ్లు కూడా చెప్పలేకపోయారు. ఆ ఒక్క తేదీ లేక పుస్తకం ఆగిపోయింది. ఆమెకు మద్దయ్య అన్నలాంటివాడు. ఆయన దగ్గర దొరక్కపోతే ఇంకెక్కడా దొరకదు.

మంచి ఎండల్లో కోసిగిలో రైలు దిగి, ఎడ్లబండి మీద పల్లెకు చేరాను. ఇంటింటా మగ్గాల చప్పుడు. హులిగెమ్మ నన్ను లోపలికి పిలిచి, చెంబుతో మజ్జిగ ఇచ్చి, ఒక ఇనప్పెట్టె ముందు కూర్చోబెట్టింది. మూత తీస్తే ఉత్తరాలు... ఏ ఏడాదికా ఏడాది నూలుపోగుతో కట్టి, చెదపురుగు సోకకుండా వేపాకు వేసి ఉంచినవి. నాకు కళ్లు చెమర్చాయి.

"అన్నీ తీసుకపో సామీ. ఒక్క కాయితం గూడా నాకు వద్దు," అంది.

తర్వాత తలెత్తి మగ్గం పైనున్న దూలం వైపు చూపించింది. దూలానికి ఒక వంపు తీగ వేలాడుతోంది. దానికి గుచ్చిన పోస్టు కార్డులు.

"అవి?"

"అవి చావు కబుర్లు సామీ."

చావు కబురు తెచ్చిన కార్డును గడప బయటే చదివి, చదివిన చేత్తోనే చించి పారేస్తారు. ఇంట్లోకి తేరు. మా ఇంట్లోనూ అదే ఆచారం. నా పనికి ఇంతకన్నా పెద్ద శత్రువు లేదు. పండితుడు ఏ రోజున పోయాడో చెప్పే ఒకే ఒక్క సాక్ష్యాన్ని, వచ్చిన నిమిషంలోనే మన చేతులతో మనమే నాశనం చేసుకుంటాం! అలాంటిది మద్దయ్య చించకుండా దాచాడు. లోకంలో నాలాంటివాడు ఇంకొకడు ఉన్నాడన్నమాట. ఆ తీగకు దండం పెట్టాలనిపించింది.

"వీటిని మాత్రం ఈడనే చదివి, చించి పో. అట్లయితేనే పెట్టె ఇస్తా," అంది హులిగెమ్మ.

నాకు ఒళ్లు మండింది. "చించడమా? ఎందుకమ్మా?"

ఆమె గొంతు తగ్గించింది. "చించితే కబురు అందినట్ల. సచ్చినాయన నిమ్మళంగా ఆయన దోవన ఆయన పోతాడు. చించకపోతే అందలేదనుకుంటాడు. తానే వచ్చి అడుగుతాడు."

"ఎవరు?"

"సచ్చినాయనే. మధ్యాన్నం మగ్గాలు ఆగినప్పుడు వస్తారు. మద్దయ్యా, నా కబురు అందినదా, అంటారు. మా ఆయప్ప ఇంకా అందలే, రేపు రాండి అంటాండె. వాళ్లను కూసోబెట్టుకోని పద్యాల మాటలు మాట్లాడతాండె. వాళ్లతో మాటలు ముగిసిపోవడం ఆయప్పకు ఇష్టం లేదు సామీ. మొదట్లో నాకు ఆయప్ప గొంతొకటే ఇనపడతాండె. ఆమీట... రెండోది గూడా ఇనపడబట్టె."

నేను తలెత్తి తీగకున్న కార్డులు లెక్కపెట్టసాగాను.

"ఇప్పుడు ఆయప్ప లేడు. వాళ్లు మాత్రం వస్తాండారు. జవాబు చెప్పేవాళ్లు లేక రోజుకింత లోపలికి వస్తాండారు. నిన్న మగ్గం కాడికి వచ్చిండ్రి. చదవనేర్చినోళ్లే చించల్ల. నాకు చదువు రాదు. కొడుకు బొంబాయి మిల్లుకు పాయె. నీ కాళ్లు మొక్కుతా."

నేను చెప్పవలసిందంతా చెప్పాను. చరిత్ర అన్నాను, సాక్ష్యం అన్నాను, మూఢనమ్మకం అన్నాను. గోడకు చెప్పినట్టే అయింది. చివరికి ఆమె లేచి, "అయితే ఈ మధ్యాన్నం నువ్వే ఈడ కూసో. ఆమీట నీ ఇష్టం," అని, పక్కింటి గిడ్డమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. ఆ ఎండలో స్టేషనుకు పోలేను. పైగా కార్డులు నా చేతిలో ఉంటాయి. సరేనన్నాను.

వడగాలి రాకుండా తలుపు మూశాను. మట్టి మిద్దె. కిటికీ లేదు. మూల మూలనా చీకటి. పైకప్పులోని గవాక్షి నుంచి మాత్రం ఒక వెలుతురు పలక దిగి, మగ్గం మీద సగం నేసిన చీర మీద పడుతోంది. పులిసిన గంజి వాసన, నూలు దుమ్ము వాసన, పాత సిరా వాసన. తీగ దించి, మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంట అంచున, ఆ వెలుతురులో కూర్చుని, నోటు పుస్తకం తెరిచి రాసుకోవడం మొదలుపెట్టాను.

బయట మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. చిట్టచివరిది కూడా ఆగింది. కాకి అరుపు కూడా లేదు. నా కలం గీరుకుంటున్న చప్పుడొక్కటే.

దొరికింది! రామేశ్వరమ్మ కార్డు. ఆమె తమ్ముడి చేతిరాత. వారం, తిథి, తేదీ అన్నీ ఉన్నాయి. కింద 'పోయే ముందు అక్క మిమ్మల్ని తలుచుకుంది' అని ఒక ముక్క. ఇన్నేళ్ల నా తిరుగుడు ఫలించిందని పిచ్చివాడిలా నవ్వుకున్నాను.

అప్పుడు తలుపు గొళ్లెం కదిలింది.

"మద్దయ్యా..."

ముసలి గొంతు. మర్యాదైన గొంతు.

"నా కబురు అందినదా?"

హులిగెమ్మ ఎవరినో పంపిందనుకున్నాను. కోపంగా లేచి తలుపు తీశాను. తెల్లగా మండుతున్న వీధి. అరుగు ఖాళీ. మనిషి లేడు, కుక్క లేదు. వేడి మొహాన కొట్టింది. మళ్లీ తలుపు మూసి వెనక్కి తిరిగాను.

"నా కబురు అందినదా?"

ఈసారి ఆ గొంతు తలుపుకు ఇవతల ఉంది.

నా వీపుకు చొక్కా అంటుకుపోయింది. వెలుతురులోకి వచ్చి కూర్చున్నాను. ఇంకో గొంతు, ఎడమ పక్క నుంచి. ఇంకోటి, నీళ్ల కుండ దగ్గర. దగ్గుతూ ఒకటి. అందరిదీ ఒకటే మాట. ఎవరూ అరవడం లేదు. పెద్దమనుషులు తమ వంతు కోసం ఆగినట్టు, ఒకరి తర్వాత ఒకరు... మెల్లగా... దగ్గరగా...

భయం లేదని అబద్ధం చెప్పను. కానీ భయం కన్నా నాకు ఏడుపు ముందొచ్చింది. ఇంత చేసీ, చేతికి చిక్కిన సాక్ష్యాన్ని నేనే చించాలా? చించను. కనీసం రాసుకునేదాకా చించను. ఆగకుండా రాస్తూ పోయాను. పేరు. ఊరు. తేదీ. పేరు. ఊరు. తేదీ.

ఉన్నట్టుండి పుస్తకం మీద చీకటి పడింది.

పైనుంచి ఇసుక రాలింది, కాగితం మీద. మిద్దె మీద ఎవరో గవాక్షిలోకి వంగారు. తలెత్తకూడదనుకున్నాను. ఎత్తాను. వెలుతురు చుట్టూ సన్నటి అంచుగా మిగిలింది. మధ్యలో తల. జుట్టు కిందికి జారి వేలాడుతోంది.

"అన్నా..."

ఆడగొంతు.

"నా కబురు... అందినదా?"

ఇక ఆగలేకపోయాను. ఒక కార్డు తీసి పైకి చదివాను. చించాను. తలుపు దగ్గరి గొంతు "ఆఁ" అని ఊపిరి వదిలింది. అంతే. మళ్లీ వినపడలేదు. ఇంకొకటి చదివాను, చించాను. నీళ్ల కుండ దగ్గర నిశ్శబ్దం. చదవడం, చించడం. జీవితమంతా ఏ పని చేయవద్దని జనం కాళ్లు పట్టుకున్నానో ఆ పనే చేస్తూ, పసివాడిలా ఏడుస్తూ కూర్చున్నాను.

చివరికి రామేశ్వరమ్మది మిగిలింది. చేయి రాలేదు. ఆమె తమ్ముడి రాత, ఆ కింది ముక్క... ఇది ఒక్కటి దాచుకుంటే ఏమవుతుంది?

"అన్నా..."

ఈసారి పైనుంచి కాదు. మగ్గం గుంటలోంచి. నా మోకాళ్ల పక్కనుంచి.

చించేశాను. వెలుతురు మళ్లీ చీర మీద పడింది.

హులిగెమ్మ వచ్చి, నేల మీది ముక్కలు చూసి, అక్కడే కూలబడి వలవలా ఏడ్చింది. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని అడిగింది. "ఏమీ మిగల్చలే గదా సామీ?"

"లేదమ్మా. ఒక్క కార్డు కూడా లేదు," అన్నాను. నోటు పుస్తకం సంచిలో ఉంది. కార్డులు చించాను, ఆమె మాట చెల్లింది. తేదీలు నాకు దక్కాయి. పామూ చావలేదు, కర్రా విరగలేదు. తిరుగు రైల్లో పెట్టె మీద కూర్చుని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ తేదీలన్నీ మా పత్రిక తరువాతి సంచికలో వేశాను. రామేశ్వరమ్మది అందరికన్నా పైన.

సంచిక చేరిన కొన్నాళ్లకు కోయిలకుంట్ల నుంచి ఒక చందాదారు కార్డు రాశాడు. మధ్యాహ్నాలు ఇంటి ముందు ఎవరో నిలబడి, కబురు అందినదా అని అడుగుతున్నారట, మనిషి కనబడడట. తర్వాత ప్రొద్దుటూరు నుంచి. తర్వాత నంద్యాల నుంచి. జమ్మలమడుగు ఆయన, అడిగేది ఆడగొంతు అని రాశాడు.

నేను అచ్చేసి పంపిన ప్రతి పుటా ఒక చించని చావు కబురే అయింది. నోటు పుస్తకంలోని ఆ పుటలనూ, నా దగ్గరున్న సంచికలోని పుటనూ అప్పుడే చదివి చించేశాను. చందాదారులందరికీ రాశాను. ఆ పుటను పైకి చదివి, చించేయండి, ఆలస్యం చేయవద్దు అని. కారణం రాయడానికి మొహం చెల్లక, తప్పులు పడ్డాయని రాశాను.

జవాబులు వచ్చాయి. ఒకాయన సంచికలన్నీ కలిపి గట్టి అట్ట వేయించాడట, చించడం కుదరదట. ఒకాయన, ఇంటికొచ్చిన సరస్వతిని చించమంటారా అని నన్నే చివాట్లు పెట్టాడు. ఇంకొకాయన, కాగితం చించడం మహాపాపమని నేను రాసిన సంపాదకీయంలోంచి వాక్యాలు ఎత్తి నాకే పంపాడు. తప్పులుంటే పక్కన దిద్దుకుంటాంలెండి అని అందరూ ధైర్యం చెప్పారు. ఇన్నేళ్లూ చించొద్దు మొర్రో అంటే ఊరంతా చించింది. ఇప్పుడు చించండి నాయనా అని బతిమాలితే ఒక్కడూ చించడు! ఈ జనంతో నేనెక్కడ వేగేది? మళ్లీ రాశాను. మళ్లీ మళ్లీ రాశాను. రాసీ రాసీ మంచం పట్టాను.

కొన్నాళ్లుగా జ్వరం తగ్గడం లేదు. ఇల్లు కదిలి ఎరుగను. ఈ ఉదయం ఆదోని నుంచి పెద్దన్నగారి కార్డు వచ్చింది. రిటైరైన బడిపంతులు, మా పత్రిక పుట్టినప్పటి నుంచీ చందాదారు, అబద్ధమాడని మనిషి. ఆయన రాసింది ఉన్నదున్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను:

"ఇక్కడ మేమందరం క్షేమం. తమరు చించమన్న పుట చించడానికి నాకు మనసొప్పలేదు, మన్నించగలరు. నిన్న మధ్యాహ్నం రామేశ్వరమ్మ తల్లి ఎప్పటిలాగే వచ్చింది, ఈసారి కంటికి కూడా కనబడింది. ఆమె వెనకాల తమరు కూడా వచ్చి నిలబడినారు. ఎండలో ఎందుకు, లోపలికి దయచేయమంటే రాలేదు. ఆమె అడిగే మాటే తమరూ అడిగినారు. తమరి గురించి నాకు ఏ కార్డూ రాలేదు గనుక, అందలేదనే చెప్పినాను. రేపు వస్తానని వెళ్లినారు. తమరు క్షేమమని తలుస్తాను."