సొట్ట తలుపు

"తలుపేది?"

నెల్డా అరుపుకి గ్రేడీ చేతిలో కాఫీ ఒలికింది.

ఈ ఘడియ కోసమే వారమంతా ఎదురుచూశాడు పాపం. కాన్సస్‌లో, సలైనా ఊరి చివర వాళ్ల అత్త బెర్నడీన్ పాతకార్లు అమ్మే ఆవరణలో, యాభై మూడో సంవత్సరపు పచ్చ షెవ్రొలే పికప్ ట్రక్కు నిలబడి ఉంది. ఎడమవైపు కొత్త తలుపు, కొత్త రంగు తళతళలాడుతున్నాయి.

"మార్చేశానండీ!" అన్నాడు సంబరంగా. "మీకు నచ్చలేదన్నారుగా."

"నేనెప్పుడన్నాను?"

"మొదటి శనివారం మేక నమిలిన తలుపన్నారు. రెండోవారం దీన్ని చూస్తే కోళ్లు గుడ్లు పెట్టడం మానేస్తాయన్నారు. పోయిన వారమైతే..."

"అదంతా బేరం కోసమయ్యా మహానుభావా!"

ఈ వ్యాపారంలో పెరిగినవాడికి ఆ మాత్రం తెలియదా అంటే, తెలుసు. అత్త చెవినిల్లు కట్టుకుని చెబుతూనే ఉంది: "ఊరికే చూసిపోయేవాడు ఆహా ఓహో అంటాడ్రా. కొనేవాడే వంకలు పెడతాడు." కానీ నెల్డా బడిలో సంగీతం చెప్పే టీచరు. ఆ గొంతుతో తిట్టినా గ్రేడీకి పాటలాగే వినబడేది. పాట వింటూ పాఠం మరిచిపోయాడు.

నెల్డా ట్రక్కు మెట్టు మీద కూలబడింది. కళ్లలో నీళ్లు.

"ఇది మా తాతది. ఎనిమిదేళ్లప్పుడు ఆయన చూడకుండా నడిపి, కోళ్లగూటి స్తంభానికి గుద్దేశాను. తాత ఒక్కమాట అనలేదు. తలుపు బాగుచేయించనూ లేదు. మా మనవరాలి మొదటి డ్రైవింగ్ చూడండంటూ వచ్చినవాళ్లందరికీ ఆ సొట్ట చూపించేవాడు. ఆయన పోయాక మావాళ్లు అమ్మేశారు. పన్నెండేళ్లు వెతికాను. ఆ సొట్ట చూసే గుర్తుపట్టాను. అది లేకపోతే ఇది ఎవరిదో బండి. నాకొద్దు."

"ముందే చెప్పొచ్చు కదండీ!"

"చెబితే మీ అత్త ధర రెట్టింపు చేసేది."

"మూడింతలు చేసేదాన్ని!" ఆఫీసు కిటికీలోంచి వినబడింది.

గ్రేడీ కాఫీ పక్కన పెట్టి, ఆఫీసు పక్కనే ఉన్న షెడ్డులోకి పరుగెత్తాడు. గోడకి ఆనించిన పాత తలుపు మీది దుప్పటి లాగేశాడు. వెలిసిన పచ్చరంగు, మధ్యలో అరచేయంత సొట్ట.

వెనకే వచ్చిన నెల్డా గుమ్మంలోనే ఆగిపోయింది. "పారేయలేదా?" అంది.

"పాతసామాను కొట్టుకి పంపెయ్యమంది అత్త. మనసొప్పలేదు. మీరు మూడువారాలు తిట్టిన తలుపు కదా, దీన్ని చూస్తే మీ మాటలన్నీ వినబడతాయి." గ్రేడీ చెవులు ఎర్రబడ్డాయి. "మీరు కొనేస్తే ఇక శనివారాలు రారని తెలుసు. అయినా ఆ కొత్త తలుపు బిగించాను. మీరంటే అంత ఇష్టం నాకు."

నెల్డా సొట్టని వేలితో నిమిరింది. ఆ తర్వాత అతని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది, ఎగాదిగా చూస్తూ.

"జుట్టు దువ్వుకోవడం రాదు," అంది. "చొక్కానిండా గ్రీజు. అడక్కుండా తలుపులు పీకేస్తాడు. చెవులు చూడబోతే టమాటాలు."

గ్రేడీ ముఖం వాడిపోయింది. తల దించుకున్నాడు.

బెర్నడీన్ కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఒరేయ్ మొద్దూ! ఆ ఏడుపు ముఖమేంట్రా? పిల్ల వంకలు పెడుతోంది, వినబడటం లేదూ?"

గ్రేడీ గబుక్కున తలెత్తాడు.

"ఇంకా... ఇంకా ఉన్నాయా?" అన్నాడు ఆశగా.

"బోలెడు," అంది నెల్డా నవ్వాపుకుంటూ. "ముందు నా తలుపు బిగించు. మిగతావి ఒక్క శనివారంలో అయ్యేవి కావు."