హారన్ ఎవరికి?

పొద్దున్నే బ్రెడ్డు ట్రేలు వ్యాన్‌లోకి ఎక్కిస్తున్న తండ్రి దగ్గరికి చిన్న కూతురు పరుగున వచ్చింది.

"నాన్నా, చదువు అప్పులన్నీ మాఫీ అయిపోయాయి. నాదీ పోయింది! హారన్ కొట్టు!"

అది ఆ ఇంటి ఆనవాయితీ. అప్పు తీరిన రోజు వీధంతా ఉలిక్కిపడేలా వ్యాన్ హారన్ మోగాల్సిందే. పెద్ద కూతురి చదువు అప్పు తీరిననాడు తండ్రి ఎంత గట్టిగా కొట్టాడంటే, ఎదురింటాయన సగం గీసిన గడ్డంతో బయటికొచ్చేశాడు.

మందుల షాపుకు బయల్దేరుతున్న పెద్దది గుమ్మంలోనే ఆగిపోయింది. ముఖం మాడిపోయింది.

"హారన్ తీర్చినవాళ్లకి నాన్నా. మాఫీ అయినవాళ్లకి కాదు."

"అదేంటక్కా?"

"మరేంటే? ఆదివారాలు కూడా కౌంటర్ వెనక నిలబడి కట్టుకున్నాను. ఒక సరదా లేదు, ఒక షికారు లేదు. నీకేమో ఒక్క ప్రభుత్వ ప్రకటనతో చేతులు దులుపుకోవడమా? అంటే నేను పిచ్చిదాన్నా?"

ఎవరి పక్షం మాట్లాడినా రెండోది ఏడుస్తుంది. తండ్రి సర్దిన ట్రేలనే మళ్లీ సర్దడం మొదలుపెట్టాడు.

చిన్నదాని కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా తగ్గలేదు.

"పనీపాటా లేక అప్పుల మాఫీ ఊరేగింపులకి పోతున్నానని తిట్టావు కదా. అక్కడ నాకు మైకు ఇస్తే దేని గురించి మాట్లాడానో ఎప్పుడైనా అడిగావా?"

"దేని గురించి?"

"నీ కాళ్ల గురించి. షాపు నుంచి వచ్చి, వాచిన కాళ్లు వేడినీళ్లలో పెట్టుకుని కూర్చునేదానివి. అది చూస్తూ పెరిగాను. మా అక్క పడ్డ కష్టం ఇంకెవరి అక్కా పడకూడదన్నాను. అంతమందీ లేచి నిలబడి చప్పట్లు కొట్టారక్కా. నాకు కాదు, నీకు."

పెద్దదానికి జరిగింది అన్యాయమే, అది ఎవరూ తుడిచేయలేరు. కానీ తన కష్టాన్ని చెల్లెలు అంతమందిలో తలెత్తి చెప్పింది. గర్వంతో గుండె నిండిపోయి, ఏడుపు ఆగలేదు.

బ్యాగు అక్కడే పడేసి వ్యాన్ ఎక్కింది. రెండు చేతులతో హారన్ మీద పడి, తండ్రి చెవులు మూసుకునేదాకా కొట్టింది.

ఎదురింటాయన నురగ గడ్డంతో బయటికొచ్చాడు. "ఈసారి ఎవరి అప్పు తీరిందమ్మా?"

"తీరలేదు బాబాయ్!" కళ్లు తుడుచుకుంటూ అరిచింది పెద్దది. "మా చెల్లి పోట్లాడి కొట్టేయించింది. ఒక్క తనదే కాదు, అందరిదీ!"