ఎదురు నడిచే చుక్క

ఆ గది సంగతి ఎత్తకండి బాబూ! యూనివర్సిటీలో రాజనీతిశాస్త్రం వాళ్ళ మేడమీద, చిట్టచివర, మాస్టారి గది. మాస్టారు పోయిన దగ్గర్నుంచీ చీకటి పడితే చాలు, మూసిన తలుపు వెనకాల కంప్యూటర్ హోరుమంటుందట. ఎవరో గుసగుసలాడతారట... వాచ్‌మన్ అయితే ఆ మెట్లవైపు చూడ్డమే మానేశాడు.

మాస్టారి దగ్గర పరిశోధన చేసే పిల్ల ఒకతె ఉంది. అందరూ పొట్టి అంటారు. మనిషి పిట్టంతే గానీ గుండెలు తీసిన బంటు. "దెయ్యమూ లేదు, నా మొహమూ లేదు" అంటూ బయల్దేరింది. వెళ్ళక చస్తుందా మరి! మాస్టారు సగంలో వదిలేసిన పని ఆమె మెడకే చుట్టుకుంది.

ఏం పనంటారా? మాస్టారు కంప్యూటర్లో ఓ ఊరు కట్టారు. జనమంతా చుక్కలు. పుకారు పుడితే ఎన్ని చుక్కలు వీధికెక్కుతాయి, కాల్పులు మొదలైతే ఎటు పారిపోతాయి... మళ్ళీ మళ్ళీ నడిపించి తేల్చుకోవడమే.

అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క చుక్క తప్ప. తుపాకులు పేలగానే ఊరంతా ఇళ్ళకి పరిగెడుతుంటే, అదొక్కటే జనానికి ఎదురు, కూడలివైపు నడుస్తుంది! ఎక్కడో తప్పు దొర్లిందనుకుంది పొట్టి. రేపు ఫలితాలు అప్పజెప్పాలి. ఆ చుక్కని తీసిపారేద్దామనే మెట్లెక్కింది.

తలుపు దగ్గరకొచ్చేసరికి... హోరు. లోపల్నుంచి సన్నగా, ఏడుపు మింగుకుంటున్న గొంతు—

"నడవండి... ఇంకొంచెం... అదుగో, అక్కడే ఉన్నాడు... అయ్యో, త్వరగా..."

కళ్ళు గట్టిగా మూసుకుని తలుపు తోసింది.

కళ్ళు తెరిస్తే, కంప్యూటర్ తెర వెలుగులో ఒక ముసలావిడ... మాస్టారి భార్య! చేతిలో మాస్టారి తాళంచెవి.

"మీరా అమ్మా! పై ప్రాణాలు పైనే పోయాయి నాకు."

"గట్టిగా అరవకు తల్లీ. కూడలిలో పడిపోయిన చుక్క ఉందే... వాడు మా అబ్బాయి. ఏళ్ళ కిందట ఊరేగింపుకని వెళ్ళాడు. తూటా తగిలి చాలాసేపు ప్రాణంతోనే పడున్నాడట. కాల్పులన్నారని మేమిద్దరం గడప దాటలేదు." ఆవిడ తెరమీద వేలు పెట్టింది. "ఎదురెళ్తున్నది మీ మాస్టారు. వెళ్ళుంటే బతికేవాడా అని రోజూ తనని తాను పంపించి చూసుకునేవారు. ఇప్పుడు నేను చూస్తున్నాను. ఒక్కసారి కూడా వేళకి చేరలేదమ్మా."

పొట్టికి దుఃఖం పొంగుకొచ్చింది. "దానికేముందమ్మా... ఒక్క అంకె మారుస్తాను. మాస్టారు పరిగెత్తి చేరిపోతారు."

"వద్దు. ఆయనకి తెలీకనా? అప్పటికే మోకాళ్ళ నొప్పుల మనిషి. దొంగలెక్క వేస్తే నా కొడుకు బతికినట్టా?" కుర్చీలోంచి లేచి పక్కకి జరిగింది. "నన్ను కూడా అందులో వెయ్యగలవా తల్లీ? పాపం, రోజూ ఆయనొక్కరే వెళ్తున్నారు."

రేపటి ఫలితాలు ఏ గంగలో కలిస్తేనేం! పొట్టి కూర్చుని ఇంకో చుక్క పెట్టింది, మాస్టారి పక్కనే.

ఈసారి ఇద్దరూ కలిసి బయల్దేరారు. జనం ఎదురొస్తూనే ఉన్నారు... తోసుకుంటూ, ఆగుతూ, మళ్ళీ నడుస్తూ వెళ్ళారు. ఆలస్యంగానే చేరారు.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"ఇంకొక్కసారి నడిపించమ్మా" అంది.