నిండు లోడుకు తొవ్వ

టక్‌మని గోడ మీది మట్టి గూడు ఊడి కింద పడింది. దీప గరిటె కాడను రెండో గూటి కిందికి పోనిచ్చింది.

పొద్దున పక్క క్వార్టర్ పోశం కాక నవ్విన నవ్వు ఇంకా ఆమె చెవుల్లోనే ఉంది. ఆయన పళ్లు తోముకుంటూ గోడ మీదుగా తొంగి చూశాడు.

“ఏందే దీపా, మీ గోడకు మొటిమలు లేశినయి? జర ముల్తానీ మట్టి రాయరాదు?”

పోయినేడు కాలనీ తోటల పోటీలో మొదటి బహుమతి పోశం కాకదే. ఆయన ఒక మాట అని నవ్వితే ఆ నవ్వు అక్కడ ఆగదు. సాయంత్రానికి లైను మొత్తం తిరిగి వస్తుంది.

ఈ ఏడు పోటీకి దీప తన పేరే ఇచ్చింది. బాపు పేరు కాదు, అమ్మ పేరు కాదు. ఆరో తరగతి దీప పేరు. క్వార్టర్ వెనక ఉన్న ఆ కాస్త జాగాలో గోబీ నారు తనే నాటింది. తనే నీళ్లు మోసింది. ఆకుల మీద పడే బొగ్గు దుమ్మును రోజూ తడిగుడ్డతో తుడిచింది. అలాంటి తోట వెనక మొటిమల గోడ ఉంటే పోటీ చూడొచ్చే గని ఆఫీసర్లు ఏమనుకుంటారు?

రెండో గూడు ఊడి పడి పగిలింది. లోపలి నుంచి సన్నని ఆకుపచ్చ పురుగులు రాలాయి. వాటి మధ్య బియ్యపు గింజంత తెల్లటి పిల్ల పురుగు ఒకటి ఉంది. దీప వెనక్కి గెంతింది. తెల్లది కొత్తదే గానీ, ఆ పచ్చ పురుగులు ఆమెకు బాగా తెలుసు. గోబీ ఆకులకు తూట్లు పొడిచేవి అవే.

“అవ్వా, ఇటు రా. దొంగ దొరికింది.”

నాయనమ్మ ఐలవ్వ బియ్యం చెరుగుతున్న చాటతోనే వచ్చింది.

“చూడే అవ్వా. నల్ల కందిరీగ దినాం వచ్చి ఈ గూళ్లు ఎందుకు కడ్తాందో అనుకున్న. వీట్ల పురుగులను పెంచుతాంది. అవే బయటికొచ్చి నా గోబీని తింటానయి.”

ఐలవ్వ వంగి చూసింది. “ఏమో బిడ్డ. ఎవ్వలి ఇల్లో ఏమో, కూలగొట్టినవు. అది నన్ను కుట్టకుంటె సాలు.”

గోడ అవతల నుంచి పోశం కాక గొంతు వినిపించింది. “శభాష్ బిడ్డ. పురుగుల గోదామే దొరికింది. ఒక్కటి గూడ ఉంచకు.”

పోశం కాక శభాష్ అనడం అదే మొదటిసారి. దీప ఇంకా గట్టిగా గీకింది. నీళ్ల పైపు వెనక ఉన్న ఒక గూటికి మాత్రం గరిటె అందలేదు. మిగిలిన గోడంతా నున్నగా అయింది. ఆ రాత్రి ఆమెకు హాయిగా నిద్ర పట్టింది.

కానీ గోబీకి హాయి లేకపోయింది.

రోజులు గడిచేకొద్దీ పురుగులు తగ్గలేదు, పెరిగాయి. ఆకులు జల్లెడలయ్యాయి. దీప బడికి పోయే ముందు కొన్ని ఏరేది. వచ్చేసరికి మళ్లీ అన్నీ ఉండేవి.

“నా కాడ మందున్నది, కొడ్తవా?” అన్నాడు పోశం కాక.

“మందు కొడితె నా కోడిపిల్లలు ఏం తినాలె, నిన్నా?” అంది ఐలవ్వ. ఆ మాటకు ఆయన తలకాయ గోడ అవతలికి దిగిపోయింది.

పోటీ దగ్గరికొస్తోంది. దీపకు ఏడుపొచ్చేలా ఉంది. ఆలోచించగా ఆలోచించగా పైపు వెనక మిగిలిన గూడు గుర్తొచ్చింది. ఈ పురుగులన్నీ అందులోంచే వస్తున్నాయి. అంతే. పొడుగాటి కర్ర తెచ్చింది.

అప్పుడే బాపు మొదటి షిఫ్టు దిగి వచ్చాడు. దీప వాళ్ల బాపు భూపాల్ ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు, బొగ్గు మోసే పెద్ద లారీ. మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పుతూ అడిగాడు.

“ఆ కర్ర ఎవ్వలి మీదికి?”

“ఆ గూటి మీదికి బాపు. పురుగులన్ని అండ్లనుంచే వస్తానయి.”

“వస్తాంటె సూసినవా?”

“సూడలే. గూట్ల ఉన్నయి కద, మరి గూట్లనుంచి గాక యాణ్నుంచి వస్తయి?”

బాపు రెండో బూటు విప్పాడు. “మా గని పక్క గుట్ట మీద కొత్తోడెవడన్న నిలబడి సూసిండనుకో. డంపర్లు పోతుంటయి, వస్తుంటయి. లారీలు బొగ్గు తెచ్చి గుంతల పోస్తానయి అనుకుంటడు. తోడుతున్నరా, పోస్తున్నరా ఎట్ల ఎరుకైతది?”

దీప కొంచెం ఆలోచించింది. “నిండు డంపర్ ఎటు పోతాందో సూడాలె.”

“గంతే. నిండు లోడుకు మా కాడ ఇజ్జత్ ఎక్కువ. ఆఫీసర్ జీపైనా సరే, పక్కకు జరిగి నిండు డంపర్‌కు తొవ్వియ్యాలె. అది రూలు.” బాపు పక్కన చోటు చూపించాడు. “కూసో. సూద్దాం.”

దీప కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అమ్మ తెచ్చిన చాయ్ బాపు తాగేశాడు. కందిరీగ రాలేదు. దీప రెండుసార్లు లేవబోయింది.

అప్పుడు వచ్చింది. నల్లగా, సన్నని నడుముతో, పైపు వెనక నుంచి బయటికి వచ్చింది. కాళ్ల మధ్య ఏమీ లేదు. ఖాళీ. నేరుగా గోబీ మీదికి పోయింది. ఆకు పైన నడిచింది, ఆకు కిందికి దూరింది. కాసేపు కనపడలేదు. మళ్లీ పైకి లేచినప్పుడు బరువుగా లేచింది. దాని కాళ్ల మధ్య ఆకుపచ్చ పురుగు వేలాడుతోంది.

అది ఆ పురుగును మోసుకుని గూటి మూతి దగ్గర వాలింది. పురుగును లోపలికి తోసింది. మళ్లీ ఖాళీగా గోబీ మీదికి వెళ్లింది.

దీప ఒళ్లోని కర్ర నేల మీదికి జారింది.

“నిండు లోడు ఎటు పోయింది?” అన్నాడు బాపు.

“గూట్లకు,” అంది దీప. “చెట్టు మీదనుంచి తీస్కపోతాంది బాపు. దాని పిల్లకు బువ్వ. ఆ తెల్లది దాని పిల్లే. నేను అన్ని ఇండ్లు కూలగొట్టిన.”

బాపు ఆమె నెత్తి మీద చెయ్యి వేశాడు. “మళ్ల కట్టుకుంటది. పని తెలిసినోళ్లు ఊకుంటరా?”

కట్టుకోవడానికి మట్టి కావాలి కదా. మరుసటి రోజు నుంచి దీప నల్లా పక్కన మట్టిని రోజూ తడిపి ఉంచింది. కందిరీగ అక్కడ వాలి చిన్న ఉండ చేసుకుని పోయేది. పూతకొచ్చిన కొత్తిమీరను అమ్మ పీకబోతే దీప అడ్డం పడింది. ఆ తెల్ల పూల మీద కందిరీగ తేనె తాగడం ఆమె చూసింది. కొన్నాళ్లకు ఇంకో కందిరీగ కూడా వచ్చి చేరింది. గోడ మీద కొత్త గూళ్లు లేచాయి. గోబీకి చిల్లులు లేని కొత్త ఆకులు వచ్చాయి, వాటి నడుమ గుప్పెడంత తెల్లని పువ్వు కూర్చుంది.

పోటీకి ముందు బాపు గోడకు సున్నం కలిపాడు. దీప బ్రష్ తీసుకుంది. ఒక్కో గూటి దగ్గరికి రాగానే చెయ్యి నెమ్మది చేసి, దాని చుట్టూ గుండ్రంగా, చుక్క కూడా తగలకుండా పూసింది.

“గిదేం సున్నమే, ముగ్గు లెక్క,” అంది ఐలవ్వ.

పోటీ రోజు ఓపెన్‌కాస్టు నుంచి ఆఫీసర్ మేడం, ఆమె వెంట నలుగురు వచ్చారు. వెనకాలే పోశం కాక. తెల్లటి గోడ మీద నల్లటి గూళ్లు ఇంతకు ముందుకన్నా కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి.

“సూడుండ్రి మేడం, మా దీప గోడకు మొటిమలు,” అన్నాడు పోశం కాక. అందరూ నవ్వారు.

మేడం గోడకు దగ్గరగా వెళ్లి నిలబడింది. “పోటీ రోజు కూడా ఇవి దులపలేదేం పాపా?”

పోయిన నెలలో అయితే దీప తల దించుకునేదే. ఇప్పుడు ఆమె మేడం వైపు చూడటం లేదు, గోబీ వైపు చూస్తోంది. ఆకు కింద నుంచి కందిరీగ బరువుగా పైకి లేచింది. కాళ్ల మధ్య ఆకుపచ్చ పురుగు. దాని దారికి అడ్డంగా మేడం, నలుగురు ఆఫీసర్లు, పోశం కాక.

దీప ముందుకు వచ్చి రెండు చేతులూ చాపింది.

“మేడం, జర పక్కకు జరుగుండ్రి,” అంది. “నిండు లోడు వస్తాంది.”

మేడం ఉలిక్కిపడి చూసింది. పురుగును చూసింది, గూటిని చూసింది. గేటు దగ్గర డ్యూటీ బట్టల్లో నిటారుగా నిలబడ్డ భూపాల్‌ను చూసింది. ఆ రూలు ఆమెకూ తెలుసు. నవ్వి, రెండడుగులు పక్కకు జరిగింది. ఆమె జరిగితే ఆఫీసర్లూ జరిగారు. పోశం కాక బొర్ర లోపలికి గుంజుకుని పక్క గోడకు అతుక్కున్నట్టు నిలబడ్డాడు.

ఆ సందులోంచి కందిరీగ, ఎవరినీ పట్టించుకోకుండా, తన గూటికి వెళ్లింది.