చెవులున్న లేత్

సగం పనిలో లేత్ ఆగిపోయింది. కంచు ముక్కని పట్టుకున్న చక్ తిరుగుతూనే ఉంది, మోటారు గుయ్యిమంటూనే ఉంది. కోసే టూల్ మాత్రం కంచుకి వెంట్రుకవాసి దూరంలో నిలబడి ముందుకు రానంటోంది. కొలత చూపే రీడౌట్ మీద ఆకుపచ్చ అంకెలు బిగుసుకుపోయాయి.

"అలిగిందా అండి, మేస్త్రీ గారూ?" అన్నాడు నూకరాజు, గుమ్మంలో నిలబడలేక, కూర్చోలేక.

తెల్లారితే వేట నిషేధం ముగుస్తుంది. కాకినాడ బోట్లన్నీ ఒక్కసారిగా సముద్రం మీద పడతాయి. ముందు వెళ్లినవాడిదే చేప. ప్రొపెల్లర్ షాఫ్టుకి ఈ కంచు తొడుగు, అదే బుష్, బిగిస్తేగానీ నూకరాజు బోటు రేవు దాటదు.

"నా లేత్‌కి అలగడం తెలీదు," అన్నాను.

నేనెవరో చెప్పాలి మీకు. జగన్నాథపురంలో గవర్రాజు మేస్త్రీ అంటే తుపాను పక్కకి తప్పుకునేది. కళ్లు మూసుకుని దోమ కాలికి కడియం చేసినవాణ్ణి. కరెంటు పోయిన రోజు చక్‌ని ఒంటిచేత్తో తిప్పి ఓడకి షాఫ్టు కోశాను. లంగరు వేసినా ఆ ఓడ ఇప్పటికీ ఆగడం లేదట. ఇలాంటి చెయ్యి నాతో పోకూడదని, యంత్రాలకి పని నేర్పే శాస్త్రవేత్త డాక్టర్ నీరజాక్షి మా పెరటి షెడ్డు వెతుక్కుంటూ వచ్చింది.

ఆమె చేసింది చెబితే తేలికే. నా పాత లేత్‌కి టూల్‌ని వాటంతటవే జరిపే సర్వో మోటార్లు బిగించింది. టూల్ ఎంత జరిగిందో మిల్లీమీటరులో వెయ్యో వంతు దాకా చూపే డిజిటల్ రీడౌట్ పెట్టింది. మంచి మేస్త్రీ సగం పని చెవితోనే చేస్తాడు గనక, కోత చప్పుడు వినడానికి ఓ మైకు తగిలించింది. ఏడాది పాటు నా చెయ్యి ఎప్పుడు కదిలిందో, ఎప్పుడు ఆగిందో, అప్పుడేం వినపడిందో ఆ మోటార్లని నడిపే కంట్రోలర్ నేర్చుకుంది. ఇక మీరు ముట్టుకోనక్కర్లేదంది నీరజాక్షి. ఆ సంబరంలో టూల్‌ని చేత్తో జరిపే పాత హ్యాండిళ్లు ఊడదీసి, నలుగురూ చూస్తుండగా ఉప్పుటేరు మీదకి విసిరాను. అవింకా కింద పడలేదంటారు.

లేత్ సొంతంగా చేస్తున్న మొదటి పని ఈ బుష్. చేత్తో తిప్పుదామంటే తిప్పడానికి ఏమీ లేదు.

పని చూద్దామని వచ్చి పక్కనే ఉన్న నీరజాక్షి లాప్‌టాప్ తెరిచి చూసింది. "మోటార్లు బాగున్నాయి, రీడౌట్ బాగుంది. ఇది దేనికోసమో కాచుకుని ఉంది."

నేర్చుకున్నప్పటి రికార్డు పెట్టింది. నా గొంతే. ఓడ కథ. కథ ఆగిన చోట ఎవరో "ఊఁ" అన్నారు. వెంటనే టూల్ కంచుని తాకిన చప్పుడు. మళ్లీ కథ, మళ్లీ "ఊఁ", మళ్లీ కోత.

"చివరి కోతలకి ముందు ప్రతిసారీ చెయ్యి తీసి కథ చెప్పారు మేస్త్రీ గారూ. వినేవాళ్లు ఊఁ కొట్టాకే మీరు హ్యాండిల్ పట్టుకున్నారు. అది కూడా పనిలో భాగమే అనుకుంది."

"ఆ రికార్డే వేసెయ్యండి మరి," అన్నాడు నూకరాజు.

వేసింది. కాస్త కదిలి మళ్లీ ఆగింది. అరిగిపోయిన ఊఁ దానికి అక్కర్లేదు. నూకరాజు ఊఁ అన్నాడు; అతని మనసు రేవులో ఉంది. నీరజాక్షి అంది, ఆమె చూపు లాప్‌టాప్‌లో ఉంది. రెండూ పనికిరాలేదు.

"మనసు పెట్టి వినేవాళ్లు కావాలి," అందామె. "ఆగినప్పుడు మోటారు రొద వినండి. ఎక్కుతోంది, దిగుతోంది. అచ్చం మీ మాట తీరే. అది కథ చెబుతోంది."

"కథా? కథంటే నేను చెప్పాలి. ఓసారి హోప్ ఐలాండ్ దగ్గర..."

"మీ కాళ్లు పట్టుకుంటానండి, మీరు మాట్లాడకండి," అన్నాడు నూకరాజు. "నా బోటు పోద్ది."

స్టూలు మీద కూర్చున్నాను. పుట్టాక ఎవరి మాటా చివరిదాకా విననివాణ్ణి, మోటారు రొద విన్నాను. ఎక్కింది, దిగింది, ఒక చోట నిలిచింది.

"ఊఁ," అన్నాను.

టూల్ కంచులో దిగింది. అంకెలు పరుగెత్తాయి. తెల్లారాక నూకరాజు బోటు అందరికంటే ముందు సముద్రంలో పడింది.

ఇప్పుడు భైరవపాలెం నుంచీ ఉప్పాడ నుంచీ బుష్‌లకి నా దగ్గరకే వస్తారు. పొద్దస్తమానం స్టూలు మీదే ఉంటాను. చేతులు ఊరుకోవు, నాలుక అసలే ఊరుకోదు. వచ్చినవాళ్లు నన్ను పలకరించరు. పలకరిస్తే పని ఆగుతుందని భయం.

మొన్న తట్టుకోలేక, "ఆ ఓడ సంగతి అలా కాదు," అని అందుకున్నాను. లేత్ ఆగింది. నేను చెప్పిందంతా మర్యాదగా విని, తన కథ మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది.

ఊఁ అన్నాను.